పదహారు బాత్ పడవ: బ్యాంకాక్‌లో కొత్తవాళ్లకు అక్కరకు వచ్చే ప్రయాణం ఏది?

సంక్రాంతి సెలవుల్లో మా అమ్మను వెంటబెట్టుకొని ఐదు రోజులు బ్యాంకాక్ వెళ్లి వచ్చాను. నేను మహబూబ్‌నగర్‌లో ఉపాధ్యాయుణ్ణి. అమ్మకు అరవై ఆరేళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి, దేశం దాటడం ఇద్దరికీ ఇదే మొదలు. అక్కడి గుళ్ల గురించి, బజార్ల గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు కనుక నేను వాటి జోలికి ఎక్కువగా పోను. కొత్తగా దిగిన మనిషిని ఆ నగరం ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎట్లా చేరుస్తుంది, అందుకు ఎంత తీసుకుంటుంది, మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లకు అందులో ఏది పనికివస్తుంది, ఏది పనికిరాదు అన్నదే ఈ సమీక్ష. నా తీర్పు ముందే చెప్పేస్తాను. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రైలు, పగలంతా నది మీద నారింజ జెండా పడవ, పొద్దుపోయాక ఫోన్‌లో పిలిచిన టాక్సీ. ఈ మూడూ ఉంటే ప్యాకేజీ అక్కర్లేదు.

ప్యాకేజీ మాట ఎందుకు ఎత్తానంటే, నేనూ మొదట దాని కోసమే ఒక ఏజెంటు ముందు కూర్చున్నాను. విమానాశ్రయంలో పేరు రాసిన అట్ట పట్టుకొని మనిషి నిలబడతాడని, ఏసీ వ్యానులో ఊరంతా తిప్పుతారని, రెండు పూటలా మన భోజనమే పెడతారని చెప్పి అతను వేసిన లెక్క, మా ఇద్దరి విమాన టికెట్లను మించిపోయింది. చివరకు టికెట్లు మాత్రం తీసుకొని, 'ఎంట్రీ ఫారం' పేరిట ఇద్దరికీ కలిపి మరో 1,600 రూపాయలు అతని చేతిలో పెట్టి వచ్చాను. ఆ 1,600 వృథా అయ్యాయని తర్వాత తెలిసింది. థాయ్‌లాండ్‌కు వెళ్లే విదేశీయులందరూ 2025 మే 1 నుంచి ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, నిజమే. కానీ ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో అది పూర్తిగా ఉచితం. దిగే రోజుకు ముందు మూడు రోజుల లోపల నింపాలి, పాస్‌పోర్టు, విమానం నంబరు, బస చేసే చోటు చిరునామా దగ్గర పెట్టుకుంటే పది నిమిషాల పని. మేం వెళ్లినప్పుడు భారతీయులకు వీసా కూడా అక్కర్లేకపోయింది. కాబట్టి ఆ ఫారానికి ఎవరైనా డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

మహబూబ్‌నగర్ వాళ్లకు ఒక సౌకర్యం ఉంది: శంషాబాద్ మన తొవ్వలోనే తగులుతుంది, హైదరాబాద్ ట్రాఫిక్‌లో చిక్కుకొనే పని లేదు. అక్కడి నుంచి నేరుగా వెళ్లే విమానం నాలుగు గంటల లోపే దించుతుంది, అంటే మనం బస్సులో తిరుపతి పోయేదానికన్నా సగం సమయం కూడా పట్టదు. థాయ్‌లాండ్ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది గనుక రాత్రి విమానం ఎక్కినవాళ్లు అక్కడ తెల్లవారుజామున దిగుతారు. విమానాశ్రయం పేరు సువర్ణభూమి. 2006లో తెరిచిన ఈ విమానాశ్రయపు పేరును బోర్డు మీద ఇంగ్లిష్‌లో రాసినదాన్ని నేను కూడబలుక్కుంటుంటే, స్పీకరులో వినిపించిన పేరు అమ్మకు అర్థమైపోయింది. ఆ తర్వాత ఐదు రోజులూ ఆమె చెవులు అదే పనిలో ఉన్నాయి. రైల్లో 'రాచథేవి' అని వినపడగానే 'రాజదేవి' అంది. విక్టరీ మాన్యుమెంటు అని ఇంగ్లిష్‌లో రాసే చోటును థాయ్‌లో పిలిచే పేరులో 'చై సమొరఫూమ్' వినిపించినప్పుడు, అది జయ సమరభూమి అని పట్టుకోవడానికి మాత్రం ఇద్దరం కలిసి ఆలోచించవలసి వచ్చింది. నగరం అసలు పేరైన క్రుంగ్ థేప్ మహానఖోన్‌లో మహానగరం దాచినా దాగదు. స్టేషను పేర్లు గుర్తుపెట్టుకోవడానికి మనవాళ్లకు ఇది బాగా పనికివచ్చే సంగతి.

విమానాశ్రయం నుంచి నగరంలోకి వచ్చే రైలు 2010లో మొదలైంది. ఫయా థాయ్ స్టేషను దాకా సుమారు 28 కిలోమీటర్లు, మనిషికి 45 బాత్, అరగంట లోపు ప్రయాణం. ఒక బాత్ మన రెండున్నర రూపాయల పైచిలుకు. యంత్రంలో నోటు పెడితే రూపాయి బిళ్లంత ప్లాస్టిక్ బిళ్ల పడుతుంది, లోపలికి వెళ్లేటప్పుడు దాన్ని గేటుకు ఆనించాలి, దిగాక గేటు సందులో వేసేయాలి. తెల్లవారి మొదటి రైళ్లలో సీట్లు దొరికాయి, సామాను కాళ్ల దగ్గర పెట్టుకోగలిగాం. ఇదే రైలును సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ చూస్తే వేరే కథ. చేతి సంచి కూడా పట్టే సందు ఉండదు. అందుకే వచ్చేటప్పుడు రైలు, తిరిగి వెళ్లేటప్పుడు, అది సాయంత్రమైతే, టాక్సీ అని నా సలహా.

డబ్బు దగ్గర అమ్మకు ఒక వినోదం దొరికింది. అక్కడి నాణెం పేరు బాత్ అని నేను చెప్పిన క్షణం నుంచి ఆమె దాన్ని బాతు చేసింది. "ఇంకెన్ని బాతులున్నయి బిడ్డా?" అని రోజూ రాత్రి లెక్క అడిగేది. "పొద్దున ఆరొందల బాతులుండె, గిన్ని యాడికి పోయినయి?" అనేది. నవ్వులాటకు అన్నా లెక్క మాత్రం తప్పేది కాదు. ఈ సమీక్షలోని ధరల్లో సగం ఆమె జ్ఞాపకం నుంచి రాసినవే.

ఊళ్లో ఎత్తయిన స్తంభాల మీద నడిచే రైలును బీటీఎస్ అంటారు. 1999 డిసెంబరు 5న, అప్పటి రాజు భూమిబోల్ 72వ పుట్టినరోజున మొదలైంది. భూగర్భ రైలు 2004లో వచ్చింది. బీటీఎస్ టికెటు 17 బాత్ నుంచి మొదలవుతుంది, దూరాన్ని బట్టి పెరుగుతుంది. రైలు సమయపాలనకు, శుభ్రతకు, జనం వరసలో నిలబడే పద్ధతికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ప్లాట్‌ఫారం మీద గీసిన బాణాల వెనక ఇటొక వరస, అటొక వరస కట్టి, దిగేవాళ్లు దిగేదాకా ఒక్కరూ కదలరు. లోపల చలి ఎక్కువ, పెద్దవాళ్లకు శాలువా ఉండాలి. బౌద్ధ భిక్షువులకు, వృద్ధులకు, గర్భిణులకు కేటాయించిన సీట్లున్నాయి. భిక్షువు పక్కన ఆడవాళ్లు తగిలేటట్టు కూర్చోకూడదన్న సంగతి ముందే తెలుసుకొని వెళ్లడం మంచిది.

అయితే మోకాళ్ల వైపు నుంచి చూస్తే ఈ రైలుకు అన్ని మార్కులు పడవు. రోడ్డు మీది నుంచి టికెట్ల అంతస్తుకు, అక్కడి నుంచి ప్లాట్‌ఫారానికి ఎక్కాలి. చాలాచోట్ల ఎస్కలేటరు పైకి ఉంటుంది, కిందికి మెట్లే. లిఫ్టు ఉన్నా అది రోడ్డుకు అవతలి పక్కన ఉండవచ్చు, అవతలికి పోవాలంటే మళ్లీ మెట్లే. ఈ ఇబ్బంది మాకొక్కరికే కాదు. వికలాంగుల హక్కుల కోసం పోరాడినవాళ్లు కోర్టుకు వెళితే, 23 స్టేషన్లలో లిఫ్టులు పెట్టాలని అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2015లో నగర పాలక సంస్థను ఆదేశించింది. ఆ తర్వాత లిఫ్టులు పెరిగాయి, మేమూ వాడుకున్నాం. కానీ ఏ ద్వారం దగ్గర లిఫ్టు ఉందో ముందే మ్యాపులో చూసుకోకపోతే కొత్తవాళ్లు మెట్ల పాలవుతారు. రెండో రోజు ఒక స్టేషనులో ఎస్కలేటరు ముందు అమ్మ ఆగిపోయింది. "అది ఆగనే ఆగదాయె, నేనెట్ల కాలు పెట్టాలె?" అని పక్కకు జరిగింది. వెనక జనం నోరు మెదపకుండా నిలబడ్డారు గానీ, ఆ మౌనమే ఆమెను ఇంకా కంగారు పెట్టింది. మెట్లెక్కి పైకి పోయేసరికి రెండు రైళ్లు వెళ్లిపోయాయి.

అదే రోజు సాయంత్రం ఆరు గంటలకు స్టేషనులో పాట మొదలైంది. నడిచేవాళ్లు నడిచినచోటే, టికెటు తీసేవాళ్లు యంత్రం ముందే నిలిచిపోయారు. నేను ఏదో ప్రమాదం అనుకొని అటూ ఇటూ చూస్తుంటే అమ్మ నా చొక్కా పట్టి ఆపింది. "జనగణమన లెక్కన ఉన్నది, నిలబడు. మన నల్లగొండల నిలబడుతలేరా?" అంది. మా చెల్లెలి అత్తగారి ఊరు నల్గొండ. 2021 నుంచి అక్కడి కూడళ్లలో పొద్దున ఎనిమిదిన్నరకు మైకుల్లో జాతీయ గీతం వేస్తున్నారు. మనవణ్ణి బడికి దింపడానికి పోయినప్పుడు ఆమె అట్లా నిలబడింది. థాయ్‌లాండ్‌లో పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరుకు స్టేషన్లలో, పార్కుల్లో వాళ్ల గీతం వేస్తారు. ఒక నిమిషం పని, అందరితో పాటు ఆగితే చాలు.

ఇక పడవ. ఈ సమీక్ష రాయడానికి కారణమే అది.

చావో ఫ్రాయా నది నగరం మధ్యలోంచి వంకలు తిరుగుతూ పోతుంది. దాని మీద బస్సుల్లాగా రేవు రేవుకూ ఆగుతూ నడిచే పొడవాటి పడవలున్నాయి. వెనక కట్టిన జెండా రంగును బట్టి అది ఎక్కడెక్కడ ఆగుతుందో తెలుస్తుంది. కొత్తవాళ్లకు కావలసింది నారింజ రంగు జెండా. ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా 16 బాత్, మన నలభై రూపాయల చిల్లర. సాథోర్న్ రేవులో ఎక్కితే వాట్ అరుణ్ గుడి, రాజభవనం దగ్గరి థా చాంగ్, ఖావ్‌సాన్ వీధి పక్కనున్న ఫ్రా ఆథిత్, ఇట్లా చూడవలసిన చోట్లన్నీ వరసగా వస్తాయి. ఉత్తరాన చివరి రేవు నొంతబురి దాకా, గంటకు పైగా కూర్చొని పోయినా అదే 16 బాత్. సాథోర్న్ రేవు సఫాన్ తాక్సిన్ రైలు స్టేషనుకు ఆనుకొనే ఉంటుంది. అందుకే బస ఆ చుట్టుపక్కల చూసుకోమంటాను. మేం దిగిన లాడ్జి పాతది, గది చిన్నది, మూడో అంతస్తుకు లిఫ్టు లేదు. రెండో రోజే కింది గదికి మారాం. అయినా రేవుకు ఐదు నిమిషాల నడక కావడంతో దాని తప్పులన్నీ క్షమించాను.

రేవులో మొదటి పావుగంట మాత్రం జాగ్రత్తగా ఉండాలి. నారింజ జెండా పడవకు అడిగినా, దాన్ని పక్కకు పెట్టి టూరిస్టు పడవ రోజు పాసు అంటగట్టాలని చూసేవాళ్లు తారసపడతారు. ఆ పడవ మంచిదే, ఇంగ్లిష్‌లో వివరాలు చెబుతారు, కుర్చీలు మెత్తగా ఉంటాయి; కానీ దాని ధర ఇంకెన్నో రెట్లు. వాళ్లతో వాదం పెట్టుకోకుండా, "ఆరెంజ్ ఫ్లాగ్" అని ఒకే మాట రెండుసార్లు చెప్పి, స్థానికులు నిలబడ్డ వరసలో నిలబడితే సరిపోతుంది. టికెటు పడవలో కూడా ఇస్తారు.

ఆ పడవ రేవుకు రావడం దగ్గర నుంచి చూడవలసిన విద్య. రేవు అంటే నీటి మీద తేలే ఇనుప దిమ్మె, అంచులకు పాత టైర్లు వేలాడుతుంటాయి. పడవ వేగం తగ్గించినట్టే కనిపించదు. వెనక భాగంలో నిలబడ్డ కుర్రవాడు నోట్లో విజిల్ పెట్టుకొని, పొడుగ్గా ఒకసారి, పొట్టిగా రెండు సార్లు, మళ్లీ పొడుగ్గా ఊదుతుంటాడు; వెనక ఏం జరుగుతోందో కనిపించని సరంగుకు ఆ విజిలే కన్ను. వెనక్కి, ఇంకొంచెం, చాలు అన్నవన్నీ అందులోనే ఉంటాయి. టైరుకు పడవ ఒరుసుకోగానే అతను మోకును ఇనుప గుంజకు రెండు చుట్లు చుట్టి బిగబడతాడు, మోకు కిర్రుమంటుంది, దిగేవాళ్లు దిగుతారు, ఎక్కేవాళ్లు ఎక్కుతారు, మోకు విప్పుతాడు. మొత్తం నిమిషం పట్టదు. ఆ నిమిషంలో పడవకూ రేవుకూ నడుమ జానెడు సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, పడవ అలకు పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉంటుంది.

నాకు ఇక్కడే గుండె జారింది. ఎస్కలేటరు ముందు ఆగిపోయిన మనిషి దీన్నెట్లా దాటుతుంది అనుకున్నాను. మా అమ్మ పుట్టింది కొల్లాపూర్ దగ్గర, కృష్ణ ఒడ్డున అన్న సంగతి ఆ కంగారులో మరిచిపోయాను. చిన్నప్పుడు ఆమె అవతలి ఒడ్డుకు పుట్టిలో పోయేది. వెదురు అల్లి తోలు కప్పిన ఆ గుండ్రటి పుట్టి ముందు ఈ పడవ నేలలాంటిది. ఆమె నా చెయ్యి విడిపించుకొని, "ముంగట దుంకకు. అల మీదికి లేస్తున్నది, దిగి సమానమైనప్పుడు పెట్టు కాలు" అని నాకు చెప్పి, కొంగు నడుముకు చెక్కి, విజిలు కుర్రవాడి మోచెయ్యి పట్టుకొని అడుగు పెట్టింది. నేను ఆ మాట వినకుండా ముందే దూకి, పక్కవాళ్ల మీద పడబోయాను. తర్వాతి రోజుల్లో గమనించాను, ఆ కుర్రవాళ్లు పెద్దవాళ్లు కనపడితే అడగకుండానే మోచెయ్యి చాపుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు భయపడకుండా ఆ మోచెయ్యి అందుకోవాలి. చెక్క మెట్లు రెండే ఉంటాయి, రైలు స్టేషనులోని డెబ్బై మెట్లతో పోలిస్తే ఇదేమీ కాదు. చక్రాల కుర్చీ మీద ఆధారపడేవాళ్లకు మాత్రం ఈ పడవ పనికిరాదని కచ్చితంగా చెప్పాలి.

లోపల కండక్టరమ్మ చేతిలో పొడవాటి రేకు గొట్టం ఉంటుంది. నిలువునా తెరుచుకొనే ఆ గొట్టంలో ఒక వైపు టికెట్ల చుట్టలు, ఇంకో వైపు చిల్లర. దాన్ని టకటక మూస్తూ తెరుస్తూ ఆమె వస్తుంటే నాణేలు గలగలమంటాయి. మన ఆర్టీసీలో ఒకప్పుడు కండక్టర్లు టికెట్లు కొట్టే కటింగ్ ప్లేయరుతో సీటు కడ్డీ మీద కొట్టిన చప్పుడే. నోటు ఇచ్చినా చిల్లర ఇస్తుంది, కానీ 1,000 బాత్ నోటు తీయడం న్యాయం కాదు. మొదటిసారి వెనక సీటు ఖాళీగా ఉందని అమ్మ అందులో కూర్చుంటే, కండక్టరమ్మ నవ్వుతూ చేతులు జోడించి, అది భిక్షువులకని బొమ్మ చూపించి, పక్క సీటు ఖాళీ చేయించి ఇచ్చింది. ఐదు రోజుల్లో మేం పడవ ఎనిమిది సార్లు ఎక్కాం. ఎక్కడా ఎక్కువ అడగలేదు, ఎక్కడా విసుక్కోలేదు.

నది మీద ప్రయాణానికి ఇంకో లాభం, దారి తప్పడం ఉండదు. రోడ్ల మీద నాకు దిక్కు తెలియలేదు. నీళ్ల మీద వాట్ అరుణ్ గోపురం ఎడమ చేతి వైపు వస్తే పైకి పోతున్నామని, కుడి వైపు వస్తే తిరిగి వస్తున్నామని అమ్మ మొదటి రోజే కనిపెట్టింది. అరుణుడి పేరు మీద వెలసిన ఆ గుడికి అవతలి ఒడ్డునున్న థా తియన్ రేవు నుంచి అడ్డంగా దాటించే చిన్న పడవ ఉంది, 5 బాత్. ఇసుక నింపుకొని నీటి మట్టానికి మునిగి పోయే పెద్ద బల్లకట్లు, వాటిని గుంజుకుపోయే చిన్న లాగుడు పడవ, కుప్పలు కుప్పలుగా కొట్టుకువచ్చే గుర్రపుడెక్క, ఇవన్నీ టికెటులో భాగమే. మన చెరువులను మింగే గుర్రపుడెక్కను అంత దూరం పోయి చూసి, "ఇది ఈడ కూడ ఉన్నదా" అని అమ్మ నిట్టూర్చింది.

లోపాలు లేకపోలేదు. పొద్దున, సాయంత్రం ఆఫీసు వేళల్లో నిలబడి పోవాలి. అంచున నిలబడితే నీళ్లు మీద పడతాయి. ఇంజను మోత ఎక్కువ, వెనక కూర్చుంటే డీజిలు వాసన. అన్నిటికన్నా ముఖ్యంగా, పొద్దుపోయాక ఈ పడవలు ఉండవు. రెండో రోజు సాయంత్రం తీరికగా రేవుకు వచ్చిన మాకు ఖాళీ దిమ్మె, ఒక పిల్లి కనిపించాయి.

అట్లా టాక్సీ అవసరం పడింది. మీటరు 35 బాత్‌తో మొదలవుతుంది, చట్టప్రకారం మీటరు వేయాలి. కానీ రాజభవనం ముందు, పెద్ద రేవుల ముందు ఆగి ఉన్న టాక్సీలు మీటరు మాట ఎత్తితే చెయ్యి ఊపేస్తాయి. మమ్మల్ని ఒకతను మూడొందలు అడిగాడు. వంద అడుగులు నడిచి ఫోన్‌లో యాప్ ద్వారా పిలిస్తే అదే దూరానికి 110 పడింది. ఆగి ఉన్న టాక్సీ ఎక్కవద్దు, నడుస్తున్నదాన్ని ఆపండి, లేదంటే యాప్ వాడండి; ఈ సూత్రం మాకు మళ్లీ తప్పలేదు.

మరో రాత్రి ఎక్కిన మీటరు టాక్సీ డ్రైవరుతో ఫోన్‌లోని అనువాద యాప్ సాయంతో మాట కలిసింది. అతనిది ఖోన్ కేన్, దేశానికి ఈశాన్యాన ఉన్న ఈసాన్ ప్రాంతం. ఇరవై ప్రావిన్సుల ఆ మెట్ట ప్రాంతం నుంచి వచ్చినవాళ్లే బ్యాంకాక్‌లో టాక్సీలు నడిపేవాళ్లలో, కట్టుబడి పని చేసేవాళ్లలో చాలామంది. వాన మీద ఒక్క పంట, మిగతా నెలలు నగరం, పిల్లలు నాయనమ్మ దగ్గర అని అతను చెప్పింది ఫోను గరగరమని వినిపిస్తుంటే, అమ్మ ముందుకు వంగి, "మన పాలమూరోళ్లు బొంబాయి పోయినట్టు" అంది. ఆ మాటను యాప్‌లో ఎట్లా చెప్పాలో నాకు తెలియక ఊరుకున్నాను. దిగేటప్పుడు 87 బాత్ మీటరుకు వంద ఇచ్చి చిల్లర వద్దన్నాం, అతను చేతులెత్తి దండం పెట్టాడు.

ఆటోలాంటి టుక్‌టుక్ ఒక్కసారి సరదాకు ఎక్కవచ్చు, బేరం ముందే మాట్లాడుకొని. అంతకు మించి దానికి మార్కులు లేవు. రాజభవనం గోడ పక్కన చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన మమ్మల్ని ఆపి, ఇవాళ పూజలున్నాయి, మధ్యాహ్నం దాకా మూసే ఉంటుంది, అందాకా ఈ టుక్‌టుక్‌లో 20 బాత్‌కే మూడు గుళ్లు తిప్పుతాడు అని చెప్పాడు. ఆ మూడు గుళ్ల నడుమ రత్నాల దుకాణం వస్తుందని ఎన్నో ఏళ్లుగా అందరూ హెచ్చరిస్తున్న మోసమే ఇది. నేను చదివి ఉండి కూడా ఒక క్షణం తటపటాయించాను. అమ్మ మాత్రం, "గుడి మూసుంటె గింతమంది లోపటికి ఎట్ల పోతుండ్రు? నువ్వు పా" అని ముందుకు నడిచింది. రాజభవనం పొద్దున ఎనిమిదిన్నరకు తెరుస్తారు, విదేశీయులకు 500 బాత్. గేటు దగ్గరికి వెళ్లి చూసేదాకా మూసిందని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

కాలువ పడవ గురించి రెండు మాటలు. మూడో రామ రాజు 1837లో తవ్వకం మొదలుపెట్టించిన సేన్ సేప్ కాలువ మీద కూడా పడవలు నడుస్తాయి. అమ్మను పడుకోబెట్టి నేనొక్కణ్ణే వెళ్లాను. నీళ్లు నల్లగా, వాసనగా ఉంటాయి. ఎదురుగా ఇంకో పడవ వస్తే చిందే నీళ్లు పడకుండా ప్రయాణికులే తాడు లాగి పక్కన ప్లాస్టిక్ పరదా పైకెత్తుకోవాలి. అంచు మీది గోడ పట్టుకొని ఎక్కాలి. ట్రాఫిక్‌లో గంట పట్టే దూరం ఇరవై నిమిషాల్లో చేరుస్తుంది. చురుకైనవాళ్లకు బంగారం, పెద్దవాళ్లకు వద్దే వద్దు.

రేవుల దగ్గరి తిండి గురించి చెప్పకపోతే ప్రయాణం సగమే చెప్పినట్టు. మట్టి రోట్లో వెల్లుల్లి, మిరపకాయలు, వేరుశనగలు వేసి, పచ్చి బొప్పాయి తురుము కలిపి కర్ర రోకలితో దంచి ఇచ్చే సోమ్ తమ్ ఈసాన్ వాళ్ల వంటకం. ఆ చప్పుడుకు అమ్మ ఆగిపోయి, తొక్కు నూరుతున్నారంది. అందులో ఎండురొయ్యలు, చేపల పులుసునీళ్లు పడతాయని తెలిసినా శుక్రవారం కనుక ఇష్టంగానే తిన్నది. శనివారం మాత్రం ఆమె నీచు ముట్టదు, అక్కడ కూరగాయల వేపుడులో కూడా ఆ చేపల నీళ్లు పోస్తారు. మాంసం వద్దు అంటే సరిపోదు. శాకాహారానికి థాయ్ మాట 'మంగ్సవిరత్', అంటే మన మాంసవిరతే. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని రాసిన కొట్టు అయితే ఇంకా నిశ్చింత, అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. రేవు పక్కనే అట్లాంటి బండి దొరికింది. మామిడిపండు ముక్కలతో, కొబ్బరిపాలు పోసి ఇచ్చే జిగురన్నం చూసి నేను వింత పడుతుంటే, "పెరుగన్నంల మామిడిపండు పిండుకొని తింటలేమా" అని కొల్లాపూర్ ఆడబిడ్డ నన్ను మందలించింది. పండు తీపే గానీ మా ఊరి బేనిషాన్ వాసన లేదని తీర్పు కూడా ఇచ్చింది.

జనవరిలో వానలుండవు, ఎండ మనకు అలవాటైనదే. పొద్దున గాలిలో పొగ మాత్రం కళ్లకు తెలుస్తుంది, మాస్కు పెట్టుకోవాలి. గుళ్లలోకి మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోవాలి గనుక చీర కట్టుకున్నవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. చెప్పులు పదేపదే విప్పాలి కాబట్టి బకిల్ చెప్పులు వద్దు.

పడవకు నేను ఐదుకు నాలుగున్నర ఇస్తున్నాను, విమానాశ్రయపు రైలుకు నాలుగు, బీటీఎస్‌కు మోకాళ్లు బాగున్నవాళ్లయితే నాలుగు, లేకపోతే మూడు. ఆగి ఉన్న టాక్సీకి సున్న. అమ్మను అడిగితే పడవకు తగ్గించిన ఆ అర మార్కుకు కారణం కూడా చెప్పింది: రేవుల్లో మరుగుదొడ్లు దాదాపు లేవు, చిన్న రేవుల్లో కూర్చోవడానికి ఒక్క బెంచీ ఉంటే ఎక్కువ. కాబట్టి గుడిలోనో హోటల్లోనో పని ముగించుకొని, పడవ కోసం పావుగంట నిలబడగలిగేలా నీళ్ల సీసాతో రేవుకు రావాలి.